ఆ అర సెకను కోసం

(విమాన నిర్వహణ ఇంజనీరుగా 34 ఏళ్లు పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న రచయిత ప్రతి నెలా ఈ పేజీలో పాఠకుల సందేహాలకు జవాబిస్తారు.)

గాల్లో ఉండగా ఇంజిన్‌కు మంట అంటుకుంటే ఏం చేస్తారని గత నెల ఒక పాఠకుడు అడిగారు. పైలట్ ఒక పిడి లాగుతారనీ, బాటిల్‌లోని వాయువు వెళ్లి మంటను ఆర్పుతుందనీ రెండు వాక్యాల్లో రాసి ముగించాను. ఆ జవాబు ఎవరికీ సరిపోలేదని తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే తెలిసింది. ఉద్యోగంలో నేను ఎక్కువ కాలం చేతులు పెట్టిన పనుల్లో ఇదొకటి. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఏడాదికోసారి విమానం ఎక్కుతాను. ఇంట్లో గ్యాస్ బండ మార్చినప్పుడు సబ్బు నురగ రాసి లీకు ఉందేమో చూసుకుంటాం. మరి విమానం ఇంజిన్‌లో మంటలార్పే పరికరం పనిచేస్తుందో లేదో ఎలా చూస్తారు? నిజంగా మంట పెట్టి చూస్తారా? – ఒక గృహిణి, తెనాలి

అమ్మా, మీ సబ్బు నురగ పోలిక నాకు బాగా నచ్చింది. బండ దగ్గర మీరు అగ్గిపుల్ల గీసి చూడరు. గ్యాస్ ఎక్కడికి వస్తోందో చూస్తారు. విమానం విషయంలోనూ పద్ధతి అదే. ప్రయాణికులు ఎక్కబోయే విమానం ఇంజిన్‌కు ఎవరూ నిప్పు పెట్టరు. ఆర్పే వాయువును వదిలి, అది ఏ మూలకు ఎంత చేరింది, అక్కడ ఎంతసేపు నిలిచింది అని కొలుస్తారు.

కిటికీలోంచి చూస్తే రెక్క కింద మీకు కనిపించే గుండ్రటి భాగం ఇంజిన్ కాదు, దాని మీది డొప్ప. హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, దాన్ని కౌలింగ్ అంటాం. ఆ డొప్పకూ లోపలి ఇంజిన్‌కూ మధ్య సందు ఉంటుంది. ఇంధనం గొట్టాలు, నూనె గొట్టాలు, హైడ్రాలిక్ గొట్టాలు, జనరేటర్, వైర్ల కట్టలు అన్నీ ఆ సందులోనే ఇరుక్కుని ఉంటాయి. ఏ గొట్టమైనా పగిలి, కారిన చమురు కాలుతున్న లోహం మీద పడితే మంట పుట్టేది అక్కడే. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందు ఆ సందులో 12 చోట్ల సన్నటి గొట్టాల మూతులు అమరుస్తారు. గాలి సుడులు తిరిగే చోటు, చమురు చేరి నిలిచే అడుగు భాగం, బ్రాకెట్ల వెనక మరుగు, ఇలా వాయువు చేరడం కష్టమనిపించే చోట్లన్నీ వెతికి మరీ పెడతారు. గొట్టాల రెండో కొసలు ఒక విశ్లేషణ యంత్రానికి కలుపుతారు. పంపు ఆ 12 చోట్ల నుంచీ గాలిని ఆగకుండా లాగుతూ ఉంటుంది. బాటిల్ పేల్చగానే, అంటే దాని మూతి తెరిచి వాయువు వదలగానే, ఎక్కడి గాలిలో ఎంత వాయువు కలిసిందో యంత్రం నమోదు చేస్తుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1977లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఈ పరీక్ష వివరంగా ఉంది. వాడే వాయువు హేలాన్ 1301 అయితే, గాలిలో దాని వాటా పరిమాణం లెక్కన కనీసం 6 శాతం ఉండాలి. 12 చోట్లా ఉండాలి. అన్నిచోట్లా ఒకే సమయంలో ఉండాలి. అలా కనీసం అర సెకను నిలవాలి.

అర సెకనేనా అని మీకు అనిపించవచ్చు. శిక్షణ కోసం విదేశం వెళ్లినప్పుడు ఒక్కసారి ఈ పరీక్ష జరుగుతుండగా పక్కన నిలబడే అవకాశం నాకు దక్కింది. కాగితం చుట్ట తిరుగుతూ ఉంది, దాని మీద 12 గీతలు పక్కపక్కనే తిన్నగా సాగుతున్నాయి. బాటిల్ పేలిన శబ్దం వినిపించింది. గీతలన్నీ ఒక్కసారి కొండల్లా లేచాయి. పదకొండు గీతలు 6 శాతం గీటు దాటి బాగా పైకి వెళ్లాయి. పన్నెండోది మాత్రం ఆలస్యంగా లేచి, గీటును తాకీ తాకక దిగిపోయింది. అప్పటికి మిగిలిన వాటిలో సగం కిందికి జారుతున్నాయి. అక్కడున్న పెద్దాయన స్కేలు పెట్టి కొలిచి తల అడ్డంగా ఊపాడు. పదకొండు చోట్ల ఎంత బాగా వచ్చినా ఆ పరీక్ష తప్పినట్టే. నిప్పుకు ఒక్క మూల మిగిలితే చాలు, మళ్లీ అంతా అల్లుకుంటుంది. వాయువు చిమ్మే గొట్టం మూతిని కొద్దిగా వంచి మర్నాడు మళ్లీ చేశారు. అప్పుడు 12 గీతలూ కలిసి నిలిచాయి.

పరీక్ష పెట్టే పరిస్థితి కూడా తేలికైనది ఎంచుకోరు. డొప్ప లోపలికి బయటి గాలి ఎంత జోరుగా దూసుకొస్తే వాయువు అంత త్వరగా కొట్టుకుపోతుంది. అందుకని ఏ వేగంలో, ఏ స్థితిలో గాలి జోరు ఎక్కువో లెక్క కట్టి ఆ స్థితిలో నెగ్గాలంటారు. బాటిల్ చలికి గడ్డకట్టేంత చల్లగా ఉన్నప్పుడూ పనిచేయాలి కదా, దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

ప్రశ్న: జెట్ ఇంజిన్ లోపల ఎప్పుడూ మంట మండుతూనే ఉంటుంది. మరి ఈ వాయువు ఏ మంటను ఆర్పుతుంది? ఇంజిన్ తోక నుంచి మంటలు రావడం ఒక వీడియోలో చూశాను. అప్పుడూ బాటిల్ వాడతారా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

మాస్టారూ, ఈ తేడా పట్టుకున్నందుకు నమస్కారం. మా శిక్షణ తరగతిలో మొదటి వారం సగం మంది తడబడేది ఇక్కడే.

పొయ్యిలో మంట ఉండాలి, వంటింటి చూరుకు అంటుకోకూడదు. ఇంజిన్ నడుమ దహన గదిలో మండేది పొయ్యి మంట. ఇంధనం ఆపితే అది క్షణంలో ఆరిపోతుంది, దానికి ఏ వాయువూ అక్కరలేదు. బాటిల్ నుంచి వచ్చే గొట్టం దహన గదిలోకి పోదు. నేను పైన చెప్పిన సందులోకే పోతుంది. చూరుకు అంటుకున్న మంట కోసమే అదంతా.

మీరు చూసిన వీడియో బహుశా ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పటిది అయి ఉంటుంది. లోపల చేరిన అదనపు ఇంధనం అంటుకుని తోక గొట్టం నుంచి నాలుకలు చాస్తుంది. చూసేవాళ్ల గుండె ఝల్లుమంటుంది, నిజమే. కానీ అక్కడ బాటిల్ పేల్చినా వాయువు చేరేది వేరే చోటికి. అప్పుడు చేసే పని ఇంధనం మూసి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను ఒట్టిగా తిప్పడం. ఆ గాలికే లోపలి మంట ఆరి, మిగిలిన ఇంధనం బయటికి పోతుంది.

ప్రశ్న: మా వర్క్‌షాపులో పొడి నింపిన ఎర్ర సిలిండర్ ఉంది, కార్బన్ డయాక్సైడ్‌ది ఒకటుంది. విమానాలకు ఇవి పనికిరావా? ఈ హేలాన్‌లో అంత విశేషం ఏముంది? – ఆటోమొబైల్ మెకానిక్, కర్నూలు

కార్బన్ డయాక్సైడ్ ఒకప్పుడు పనికొచ్చింది. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. ఆ రకం విమానాల్లో ఇంజిన్ మంటకు కార్బన్ డయాక్సైడ్ బాటిలే ఉండేది. అది మంటకు అందే ఆక్సిజన్‌ను పలచబరిచి ఆర్పుతుంది. అలా ఆర్పాలంటే ప్రయోగశాలలో చిన్న జ్వాలకే గాలిలో సుమారు 20 శాతం కలవాలి. జెట్ ఇంజిన్ డొప్పలో అంత వాటా నింపాలంటే ఎంత పెద్ద బాటిళ్లు మోయాలో ఊహించండి.

అదే జ్వాలను హేలాన్ 1301 సుమారు 3 శాతంతో ఆర్పేస్తుంది. దాని పని తీరు వేరు. మంట అంటే గొలుసుకట్టు చర్య. హైడ్రోజన్, ఆక్సిజన్ ముక్కలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోతాయి. హేలాన్‌లోని బ్రోమిన్ ఆ ముక్కలను పట్టి కట్టిపడేస్తుంది, మళ్లీ విడివడి ఇంకో ముక్కను పట్టుకుంటుంది. ఒకే బ్రోమిన్ పరమాణువు అలా పదేపదే పనిచేస్తుంది కాబట్టే కొంచెం చాలుతుంది. పరీక్షలో 6 శాతం అడగడం దాదాపు రెట్టింపు జాగ్రత్త అన్నమాట. పైగా హేలాన్ 1301 సున్నా కింద 58 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరైపోతుంది. ఎంత చలిలోనైనా బాటిల్ మూతి తెరవగానే వాయువై మూలమూలకూ పాకుతుంది.

పొడి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కసారి చల్లితే ఇంజిన్ మీద పొర కడుతుంది, తర్వాత తుడవలేక ప్రాణం పోతుంది. గట్టిగా వీచే గాలిలో బ్రాకెట్ల వెనక మరుగుకు చేరడం దానికి కష్టం కూడా.

ప్రశ్న: కాక్‌పిట్‌లో పిడి లాగగానే వాయువు వెళ్లిపోతుందా? రెండో బాటిల్‌కు 30 సెకన్లు ఎందుకు ఆగుతారు? రెండూ అయిపోయినా మంట ఆరకపోతే? – తరచూ హైదరాబాద్ వెళ్లే ప్రయాణికుడు, రాజమహేంద్రవరం

బోయింగ్ 737లో పిడి లాగినప్పుడు మొదట జరిగేవి మూసివేతలు. ఇంధనం వాల్వు, హైడ్రాలిక్ వాల్వు, ఇంజిన్ నుంచి క్యాబిన్‌కు వేడి గాలి వచ్చే దారి మూసుకుంటాయి. జనరేటర్ ఆగుతుంది. పిడిని పక్కకు తిప్పితేనే బాటిల్ పేలుతుంది. ఎయిర్‌బస్ ఏ320లో మీట నొక్కాక మొదటి బాటిల్‌కు ఇంకో 10 సెకన్లు ఆగుతారు. ఇంజిన్ తిరగడం తగ్గితే డొప్పలో గాలి జోరు తగ్గుతుంది, వాయువు కొట్టుకుపోకుండా నిలుస్తుంది. మంట కనబడుతుండగా పది అంకెలు లెక్కపెట్టడం ఎంత కష్టమో సిమ్యులేటర్‌లో కూర్చున్న పైలట్లు చెప్పగా విన్నాను. అయినా లెక్కపెట్టాలి.

ఆ తర్వాతి 30 సెకన్లు మంటను హెచ్చరించే ఎర్ర దీపం ఆరుతుందేమో చూడటానికి. ఆరకపోతే రెండో బాటిల్.

రెండూ వాడినా ఆరని సందర్భాలు ఉన్నాయి, దాచడం ఎందుకు? 2021 ఫిబ్రవరి 20న డెన్వర్ నుంచి లేచిన యునైటెడ్ బోయింగ్ 777లో ఇంజిన్ ముందు పంకా రెక్క విరిగి డొప్ప ఊడిపోయింది. పైలట్లు రెండు బాటిళ్లూ వదిలారు. మంట హెచ్చరిక విమానం తిరిగి దిగబోయే దాకా వెలుగుతూనే ఉంది. లోపలున్న వారిలో ఎవరికీ గాయం కాలేదు. ఇలాంటి రోజు కోసమే డొప్పకూ రెక్కకూ మధ్య అగ్నినిరోధక గోడ ఉంటుంది. ఆ గోడకు వాడే లోహం సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ జ్వాల ముందు 15 నిమిషాలు నిలవాలి. అక్కడ మాత్రం నిజమైన మంటే పెట్టి చూస్తారు.

ప్రశ్న: హేలాన్ ఓజోన్ పొరకు చేటు అని నిషేధించారు కదా. విమానాల్లో ఇంకా అదే ఎందుకు ఉంది? దాని బదులు వచ్చే వాయువు పనిచేస్తుందని ఎలా తేలుస్తారు? – కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

బాబూ, ఈ ప్రశ్నకు ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే నువ్వు చదివే శాస్త్రానికి ఇక్కడ ఇంకా చేయాల్సిన పని ఉంది.

1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం దరిమిలా అభివృద్ధి చెందిన దేశాల్లో హేలాన్ తయారీ 1994 జనవరి 1 నుంచి ఆగింది. మనవంటి దేశాల్లో 2010 నుంచి. నిషేధం తయారీ మీదే, వాడకం మీద కాదు. పాత భవనాలు, కంప్యూటర్ గదులు, పాత విమానాల నుంచి తీసి శుద్ధి చేసిన హేలాన్‌తోనే ఈనాటికీ ఎక్కువ విమానాలు ఎగురుతున్నాయి. అంటే ఒక చెరువు నీటిని, కొత్తగా వాన పడదని తెలిసీ, తోడుకుంటున్నాం. తోడిన నీరు మంచిదేనా అని కూడా చూసుకోవాలి. 2009లో యూరప్‌లో కల్తీ హేలాన్ విమానాల బాటిళ్లలోకి చేరిందని బయటపడి, వాటిని తీసి మార్చాల్సి వచ్చింది. 2014 తర్వాత అనుమతి కోరే కొత్త రకం విమానాల ఇంజిన్లలో హేలాన్ వద్దని అంతర్జాతీయ నియమం. యూరప్ అయితే పాతవాటిలోనూ 2040 తర్వాత ఉండకూడదంది.

బదులు వాయువును తేల్చడానికి నిజంగా మంట పెడతారు, విమానానికి కాకుండా దాని నమూనాకు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం అట్లాంటిక్ సిటీ దగ్గర ఎఫ్‌ఏఏ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఇంజిన్ ఉండాల్సిన చోట ఒక ఉక్కు పీపా, దాని చుట్టూ డొప్పలా ఇంకో పీపా, మధ్యలో సందు ఉండే నమూనా కట్టారు. లోపల గాలికి అడ్డుపడే పక్కటెముకల లాంటి పట్టీలు. ఒక చివర నుంచి పంకాలతో గాలి తోస్తారు. విమానం ఇంధనం, ఇంజిన్ నూనె, హైడ్రాలిక్ ద్రవం ఒక్కొక్కటీ పిచికారీ చేసి అంటిస్తారు. ఒక పళ్లెంలో ఇంధనం పోసి కూడా అంటిస్తారు.

వాళ్లు కొలిచే కొలత చాలా తెలివైనది. వాయువు వదలగానే మంట ఆరుతుంది, కానీ ఇంధనం చిమ్మడం ఆపరు, వేడి లోహం వేడిగానే ఉంటుంది. వాయువు కొట్టుకుపోగానే మంట మళ్లీ అంటుకుంటుంది. ఆరినప్పటి నుంచి మళ్లీ అంటుకునే దాకా ఎంతసేపు పట్టిందో ఆ ఎడమే కొలత. మొదట హేలాన్‌ను 6 శాతం, అర సెకను వచ్చేలా వదిలి ఆ ఎడం రాసుకుంటారు. తర్వాత కొత్త వాయువును పెంచుతూ తగ్గిస్తూ, ఎంత వదిలితే అంతే ఎడం వస్తుందో కనుక్కుంటారు. పాత నమ్మకానికి కొత్తది సరితూగే బిందువు అది. దాన్నిబట్టి కొత్త వాయువు 12 చోట్లా ఎంత శాతం ఉండాలో నిర్ణయిస్తారు. అంటే నమూనాలో మంటతో తేల్చుకున్న అంకెనే తర్వాత విమానంలో మంట లేకుండా కొలుస్తారన్నమాట.

ఇలా పరీక్షకు నిలిచిన వాటిలో ఒకటి హెచ్‌ఎఫ్‌సి-125. అమెరికా నౌకాదళం సూపర్ హార్నెట్ యుద్ధ విమానం ఇంజిన్లకు దాన్నే ఎంచుకుంది. దానిలో బ్రోమిన్ లేదు కాబట్టి చిన్న జ్వాలకే హేలాన్‌కు మూడింతల దాకా కావాలి. పెద్ద బాటిల్, ఎక్కువ బరువు. ఓజోన్‌కు చేటు లేకపోయినా భూమిని వేడెక్కించే వాయువుల జాబితాలో చేరి, మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో చేసిన సవరణ కింద అదీ తగ్గించాల్సినదే అయింది. ఒక మాట, ఈ వాయువు గాలిలో పాకే తీరు హేలాన్‌ను బాగా పోలి ఉంటుంది. అందుకే హేలాన్ వ్యవస్థను పరీక్షించేటప్పుడు హేలాన్ వృథాగా గాలిలో కలపకుండా దీన్ని నింపి పేల్చి చూసే పద్ధతి కూడా వచ్చింది.

ఇంకొకటి ఎఫ్‌కె-5-1-12. మంట ఆర్పడంలో గట్టిదే, ప్రయోగశాలలో 4 నుంచి 5 శాతం చాలు. కానీ అది 49 డిగ్రీల సెల్సియస్ దాకా ద్రవమే. పదివేల మీటర్ల ఎత్తున బయట సున్నా కింద 50 డిగ్రీలు ఉంటే అది వాయువై మూలలకు పాకాలి కదా? తుంపరలుగానే మిగిలి లోహం మీద చెమ్మలా పట్టుకుంటే ఏం లాభం? అంతేకాక దాన్ని తయారుచేస్తూ వచ్చిన ప్రధాన సంస్థ 3ఎం ఆ తరహా ఫ్లోరిన్ రసాయనాలన్నిటి నుంచీ 2025 చివరికల్లా తప్పుకుంటానని 2022లోనే ప్రకటించింది.

ఇప్పుడు సమస్య నీకు అర్థమై ఉంటుంది. చలిలో పాకాలి, తక్కువలో ఆర్పాలి, మనిషికి విషం కాకూడదు, లోహాన్ని తినకూడదు, ఓజోన్‌ను తాకకూడదు, భూమిని వేడెక్కించకూడదు. హేలాన్ 1301ను అరవై పైచిలుకు పదార్థాలను జల్లెడ పట్టాక 1940ల చివర పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో గుర్తించారు. అలాంటి జల్లెడ మళ్లీ పట్టాల్సిన కాలంలో నువ్వు చదువుతున్నావు. నాకు ఆ వయసు లేదు, నీకుంది.

ప్రశ్న: నేను లండన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, 2013లో, పొగలు కక్కుతూ ఒక విమానం హీత్రోకు తిరిగి వచ్చింది. ఆ రోజు నా ప్రయాణం రద్దయింది కూడా. ఆర్పే ఏర్పాటు ఉండగా మంట దిగేదాకా ఎందుకు సాగింది? – ఒక పాఠకురాలు, లండన్

తల్లీ, అది 2013 మే 24న ఓస్లోకు బయలుదేరిన ఎయిర్‌బస్ ఏ319. దాని దర్యాప్తు నివేదికను నేను మా కుర్రాళ్లకు పాఠంలా చెప్పేవాణ్ని. ముందు రాత్రి ఇద్దరు సాంకేతిక సిబ్బంది రెండు ఇంజిన్ల డొప్పలూ తెరిచి జనరేటర్ నూనె చూశారు. నూనె పోసే సాధనం కోసం వెళ్తూ డొప్పలు కిందికి వాల్చి, గొళ్లెం పెట్టకుండా వెళ్లారు. తిరిగి వచ్చింది వేరే విమానం దగ్గరికి. ఇది గొళ్లెం లేకుండానే తెల్లవారి రన్‌వే మీదికి పోయింది. నేల విడవగానే రెండు ఇంజిన్ల డొప్పలూ ఊడిపోయాయి. ఒక ముక్క కుడి ఇంజిన్ ఇంధన గొట్టాన్ని చీల్చింది. తిరిగి వస్తుండగా అంటుకున్న మంటను చివరికి నేల మీద అగ్నిమాపక సిబ్బంది ఆర్పారు. విమానంలోని 80 మందీ క్షేమంగా దిగారు.

తెనాలి అమ్మగారికి చెప్పిన 12 గొట్టాల పరీక్షను ఇక్కడ గుర్తు చేసుకోండి. 6 శాతం, అర సెకను అన్న లెక్క డొప్ప మూసి ఉన్నప్పటిది. డొప్పే లేకపోతే ఏ వాయువైనా ఈదురుగాలిలో సాంబ్రాణి పొగే. ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి సాధించిన లెక్క డొప్ప అడుగున వరసగా ఉండే గొళ్లేల మీద ఆధారపడి ఉంది. అవి నేలకు అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల మీద వంగితే తప్ప పడ్డాయో లేదో కనబడదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ వంగి చూశాను. ప్యాంటు మోకాళ్లు నూనె మరకలు కాని రోజు లేదు.

ప్రశ్న: విమాన నిర్వహణ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నాను. బాటిల్ పేల్చకుండా అది పనిచేస్తుందని రోజువారీగా ఎలా నమ్మాలి? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

మంచి ప్రశ్న అమ్మా. పేలిస్తే అయిపోయే వస్తువును పేల్చకుండా నమ్మాలి కాబట్టి దాన్ని భాగాలుగా విడగొట్టి నమ్ముతాం.

మొదటిది నింపు. బాటిల్‌లో హేలాన్‌తో పాటు నైట్రోజన్‌ను చదరపు అంగుళానికి 600 పౌండ్లు, అంతకు పైన ఒత్తిడితో కుక్కి ఉంటారు. మీటరు చూడటం ఒక్కటే చాలదు. హేలాన్ తగ్గి నైట్రోజన్ నిలిచి ఉంటే ముల్లు బాగానే ఉందనిపిస్తుంది. అందుకే గడువు ప్రకారం విప్పి తూకం వేస్తారు. బాటిల్ మీద రాసి ఉన్న బరువుతో పోల్చాలి. తూకం వేసే ముందు బాటిల్‌కు అంటిన జిడ్డు గుడ్డతో తుడవడం మరవకు. విమానం చర్మం మీద రెండు రంగు బిళ్లలు ఉండే రకాల్లో వాటినీ చూడు. ఎర్ర బిళ్ల ఊడితే వేడికి బాటిల్ దానంతట అదే ఖాళీ అయిందని, పసుపు బిళ్ల ఊడితే ఎవరో పేల్చారని అర్థం.

రెండోది స్క్విబ్, అంటే బాటిల్ మూతిని పగలగొట్టే చిన్న పేలుడు గుళిక. దానికి వాడకపు గడువు ఉంటుంది. విమానం నుంచి విప్పగానే దాని పిన్నులకు రక్షణ మూత తొడగాలి. చేతిలోని స్థిర విద్యుత్తు చాలు అది పేలడానికి.

మూడోది వైరు. నన్ను ఇప్పటికీ వెంటాడేది అదే. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, పేరు అవసరం లేని ఒక హ్యాంగర్‌లో, ఒక విమానం వైర్ల కట్ట బాగు చేసి పంపారు. రెండు ఇంజిన్లకూ ఉమ్మడిగా ఉండే బాటిళ్లు దానివి. ప్రతి బాటిల్‌కూ రెండు మూతులు, రెండు స్క్విబ్‌లు, ఒకటి ఎడమ ఇంజిన్‌కు, ఒకటి కుడికి. స్క్విబ్‌లు విప్పి, వాటి ప్లగ్గులకు పరీక్ష దీపాలు తగిలించి నేను చక్రాల గూటిలో నిలబడ్డాను. పైన కాక్‌పిట్‌లో మా సీనియర్ ఎడమ పిడి తిప్పారు. కుడి దీపం వెలిగింది. నా కళ్లను నేనే నమ్మలేదు. "వెలిగిందా?" అని పైనుంచి కేక. "వెలిగింది" అనేశాను. ఆయన ఇంకో పిడికి చేయి చాచబోతుండగా నోరు పెగిలించుకుని "సార్, కుడిది వెలిగింది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "మళ్లీ తిప్పుతాను, ఏది వెలిగిందో పేరుతో చెప్పు" అన్నారు. మళ్లీ కుడిదే. ప్లగ్గు విప్పి చూస్తే లోపల రెండు తీగలు తారుమారు. ఆ విమానం అలాగే వెళ్లి ఉంటే, ఎడమ ఇంజిన్ మండుతుండగా వాయువంతా బాగున్న కుడి ఇంజిన్ మీదికి పోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది ఆ పాత కాలానికే పరిమితమనుకోకు. 2013 ఆగస్టులో జపాన్‌లో మూడు బోయింగ్ 787 విమానాల ఇంజిన్ ఆర్పే వ్యవస్థలో ఇలాంటి వైర్ల తారుమారే బయటపడింది. అప్పటికి అవి ప్రయాణికులతో ఎగురుతున్నాయి.

కాబట్టి అమ్మా, పరీక్ష దీపాలకు ఎడమ, కుడి అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించు. పైనున్న వ్యక్తి "వెలిగిందా?" అని అడిగితే అవునని చెప్పకు, "ఎడమ దీపం వెలిగింది, కుడి దీపం ఆరి ఉంది" అని పూర్తిగా చెప్పు. నాలుగు పరీక్షలు ఉంటాయి, రెండు బాటిళ్లు, రెండు పిడులు. నాలుగూ ఒక్కొక్కటే చేసి, ఒక్కొక్కదాని ఎదుట అప్పటికప్పుడే రాసుకో. కాక్‌పిట్‌లో నువ్వుంటే, సంతకం పెట్టే ముందు మెట్లు దిగి వచ్చి, ప్లగ్గులు మళ్లీ స్క్విబ్‌లకు బిగించారో లేదో నీ చేత్తో తిప్పి చూడు.